‘సరే, వస్తాను’ అనే పూటకు ముందే: తాగుడు, మత్తు మాన్పించే చికిత్స దగ్గరలో ఎక్కడుందో వెతికే దారి

కార్తీకమాసంలో మా తమ్ముడు అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆరేడేళ్లుగా పొద్దున పళ్లు తోముకోకముందే క్వార్టర్ సీసా మూత తీసే మనిషి, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనని గురుస్వామి ఎదుట మాట ఇచ్చాడు. సోమవారం మాల పడింది. ఆ సాయంత్రానికే చేతులు వణికాయి. చన్నీటి స్నానం పడలేదేమో అనుకున్నాం. మంగళవారం ముద్ద దిగలేదు, ఒళ్లంతా చెమటలు. ఆ రాత్రి కొయ్యబారిపోయి, నోట నురగ వచ్చి, పీఠం ముందే పడిపోయాడు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి నీరసమని చెప్పి గ్లూకోజు ఎక్కించాడు. బుధవారం రాత్రి మావాడికి చీమలు కనిపించాయి. గోడ మీద, నల్ల పంచె మీద, మెడలోని పూసల మీద. లేని చీమలను ఒక్కొక్కటే వేళ్లతో గిల్లి నేల మీద వేస్తూ, ‘అక్కా, దీపం ఆర్పెయ్, వెలుగుకు వస్తున్నాయి’ అన్నాడు. నియమం ఎక్కడో తప్పిందని మా పెద్దమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది.

108 పిలిచి, తెనాలి దగ్గరి మా ఊరి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాం. అత్యవసర విభాగంలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ‘చివరిసారి ఎప్పుడు తాగాడు?’ అని. మాలలో ఉన్న మనిషి గురించి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా మరదలే ముందుకు వచ్చి, ‘ఆదివారం రాత్రి తొమ్మిదింటికండీ. అప్పటిదాకా రోజుకు మూడు క్వార్టర్లు’ అని చెప్పింది. ఆ రెండు ముక్కలతో వైద్యం దారిలో పడింది. మర్నాడు గురుస్వామి స్వయంగా ఆసుపత్రికి వచ్చి మాల తీశారు. ‘ఒళ్లు బాగుపడ్డాక మళ్లీ వేస్తాను, బెంగపెట్టుకోకు స్వామీ’ అన్నారు.

నేను డాక్టరును కాను, తపాలా కార్యాలయంలో ఉద్యోగిని. కానీ ఆ రాత్రి తరువాత నాలుగేళ్లు తమ్ముడి కోసం చికిత్సలు వెతికాను. ఫోన్లు చేశాను, గేట్ల ముందు నిలబడ్డాను, ఒకచోట ఘోరంగా మోసపోయాను కూడా. ఇప్పుడు బంధువులు, తోటి ఉద్యోగులు, ఒక్కోసారి కౌంటరు దగ్గరికి వచ్చిన అపరిచితులు గొంతు తగ్గించి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రాణం సంగతి

రోజూ తాగే ఒంటికి సారా ఒక్కసారిగా ఆగిపోతే నరాలు తిరగబడతాయి. చివరిసారి తాగిన ఆరు నుంచి పన్నెండు గంటలలో వణుకు, చెమట, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. రెండు రోజులలోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెదరడం, లేనివి కనిపించడం, లేని మాటలు వినిపించడం మొదలైతే అది ప్రాణం తీయగల దశ. ఈ లెక్క తెలియక మన ఊళ్లలో దాన్ని గాలి అంటారు, దెయ్యం అంటారు, దీక్ష తప్పిన ఫలమంటారు.

అందుకే పొద్దున్నే తాగేవారినీ, మానినప్పుడు ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవారినీ, కామెర్లు వచ్చి తగ్గినవారినీ ఇంట్లో గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పించే పని దయచేసి చేయవద్దు. తాగనివ్వమని నేను చెప్పడం లేదు. డాక్టరు చేతుల మీదుగా ఆపించమంటున్నాను. క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందులతో ఆ వణుకునూ ఫిట్స్‌నూ అదుపు చేస్తారు. రోజుకింత అని తగ్గించుకుంటూ వారం, పది రోజులలో వాటిని కూడా ఆపేస్తారు. బీ1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్ ఇస్తారు. తాగేవారిలో ఇది బాగా తగ్గిపోయి ఉంటుంది. బీ1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ముప్పు ఉందని పెద్దాసుపత్రిలో డాక్టరు మాకు విడమరిచి చెప్పారు. మీ ఊళ్లో ఎవరైనా సెలైన్ సీసా తీసుకుని వస్తే, ఈయనకు తాగుడు అలవాటు ఉంది, బీ1 ఇచ్చారా అని అడగండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. చేతిలో తాళంచెవులు పెడుతూ సమయం పోగొట్టుకోవద్దు. 108కి ఫోను చేయండి.

తెలంగాణ పల్లెల వారికి ఒక మాట. కల్తీ కల్లులో ఆల్‌ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమత్తు మందులు కలుపుతారు. ఆ కల్లు రోజూ తాగినవారికి అది దొరక్కపోతే సారా మానినవారిలాగే, ఒక్కోసారి అంతకన్నా గట్టిగా, ఫిట్స్ వస్తాయి, పిచ్చిచూపులు చూస్తారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి అలాంటి రోగులు ఆసుపత్రులకు బారులు తీరారు. కల్లు తాగడం ఒక అలవాటేనా అనుకుని చాలా ఇళ్లలో డాక్టరుకు చెప్పరు. ఆడవాళ్ల విషయంలో అసలే చెప్పరు. చెప్పి తీరాలి. ఏ దుకాణం కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఎప్పటి నుంచి దొరకడం లేదు అన్నవన్నీ చెప్పాలి.

ఎక్కడ అడగాలి

కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వారు చేసి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో ఒక లెక్క ఉంది. తాగుడుకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరు. ఆ అంకె చూసిన రోజు మా వీధి గుర్తుకు వచ్చింది. సారా దుకాణాలు మూయించిన చరిత్ర మనకుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చేసిన పని ఎవరూ మరువరు. కానీ దుకాణం మూతపడ్డాక ఇంట్లో వణుకుతూ కూర్చున్న మనిషిని ఎక్కడికి తీసుకువెళ్లాలో ఆ ఆడవాళ్లకు చెప్పిన వారు అప్పుడు ఎందరున్నారో!

మొదటి ఫోను 14446కు చేయండి. ఇది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ వారి మత్తు విముక్తి హెల్ప్‌లైన్. డబ్బు కట్టనక్కర లేదు. మీ జిల్లా, మండలం చెప్పి, దగ్గరలో ఉన్న కేంద్రం పేరు, ఫోను నంబరు అడిగి రాసుకోండి. రెండోది 14416, టెలీ మానస్. ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తాగే మనిషి కోసమే కాదు, ఆ ఇంట్లో నిద్రలేని భార్య తన కోసం కూడా దీనికి ఫోను చేయవచ్చు. మా మరదలు ఒక రాత్రి పెరట్లో తులసికోట పక్కన కూర్చుని ముప్పావు గంట మాట్లాడింది. మర్నాడు ఆమె ముఖంలో తేడా నేను చూశాను.

ఆ తరువాత, ఏ ప్రైవేటు బోర్డూ చూడకముందు, ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. మెడికల్ కాలేజీ ఉన్న ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఇది ఉంటుంది. గుంటూరు, కర్నూలు, కాకినాడ, తిరుపతి, వరంగల్ అన్నిచోట్లా ఉంది. మంగళగిరి ఎయిమ్స్‌లో ఉంది. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ పాత పెద్ద ఆసుపత్రులు. చాలా జిల్లా ఆసుపత్రులలో కూడా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మానసిక వైద్యులు ఉంటారు. అనంతపురం, చిత్తూరు వైపు వారిలో చాలామంది బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళతారు. అక్కడ మత్తు వ్యసనాలకు ప్రత్యేక విభాగం ఉంది.

‘పిచ్చాసుపత్రికా?’ అన్న మాట మా ఇంట్లోనూ వచ్చింది. ఆ ప్రశ్న వేసింది మా నాన్నగారు. ఆయనకు నేను చెప్పిన జవాబు ఒక్కటే. చీమలు కనిపించిన రాత్రి వాడిని మళ్లీ వాడిగా చేసి పంపింది ఆ విభాగం వాళ్లే నాన్నా, అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు.

ఓపీ ఉదయం పూటే ఉంటుంది. చీటీ వరుస పెద్దది కాబట్టి పెందలాడే చేరాలి. ఆధార్ కార్డు, వాడుతున్న మందుల చీటీలు, పాత పరీక్షల కాగితాలు తీసుకువెళ్లండి. వాటితో పాటు ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి పట్టుకోండి: ఎప్పటి నుంచి తాగుతున్నారు, రోజుకు ఎంత, పొద్దున తాగుతారా, చివరిసారి ఎప్పుడు, ఇదివరకు మానినప్పుడు ఏమైంది, ఫిట్స్, షుగరు, కామెర్లు, ఆత్మహత్య మాటలు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏడుపు వస్తుంది, మాట తడబడుతుంది, తాగే మనిషి పక్కనే ఉండి ‘అంత లేదులెండి, ఎప్పుడైనా ఒక పెగ్గు’ అంటారు. కాగితం తడబడదు. మా మరదలి కాగితంలో పదకొండు వాక్యాలు ఉన్నాయి. డాక్టరు దాన్ని ఓపీ పుస్తకంలో పిన్ను కొట్టి పెట్టారు.

అందరినీ వార్డులో చేర్చుకోరు, చేర్చుకోనక్కర కూడా లేదు. తక్కువ తాగేవారికి, ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నవారికి ఇంటి దగ్గరే మందులు వాడించి, రెండు మూడు రోజులకోసారి రమ్మంటారు. చేర్చుకుంటే మాత్రం తోడు ఒకరు ఉండాలి. ఆ తోడు ఎవరో, వారి ఉద్యోగానికి సెలవు ఎలా దొరుకుతుందో ముందే అనుకోండి.

మూడో దారి, కేంద్ర ప్రభుత్వ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలు. వీటిని ఐఆర్‌సీఏ అంటారు. మందులతో మత్తు దింపడం, కౌన్సెలింగ్, ఇంటికి వెళ్లాక వెంట నడవడం, మూడూ వీరి పనే. మీ జిల్లాలో ఏది ఉందో 14446లో చెబుతారు. నషా ముక్త్ భారత్, అంటే మత్తు లేని భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వెబ్‌సైటులోనూ పటం మీద చూపిస్తారు. ఖర్చు సంగతి ఫోనులోనే అడిగి తేల్చుకోండి. ఫోను ఎవరూ ఎత్తకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లి అడగండి. జిల్లాలో నషా ముక్త్ భారత్ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. ఈ అర్జీ అడుక్కోవడం కాదు, సిగ్గుపడవద్దు.

ప్రైవేటు కేంద్రంలో వదిలే ముందు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. ఎందుకంటే నేను మోసపోయింది ఇక్కడే.

తమ్ముడు రెండోసారి తిరిగి తాగుడులో పడినప్పుడు నాకు విసుగు వచ్చింది. ఎవరో చెప్పిన ఒక ప్రైవేటు కేంద్రానికి ఫోను చేశాను. ‘మీరు ఊ అనండి మేడమ్, మనుషులను పంపి మేమే ఎత్తుకువస్తాం. మూడు నెలల డబ్బు ముందు కట్టండి. నెల రోజులు ఫోను, చూడటం ఉండవు. మారి వస్తాడు, గ్యారంటీ’ అన్నారు. ఊ అన్నాను. రాత్రి పదింటికి జీపులో నలుగురు వచ్చి వాడిని చేతులు వెనక్కి విరిచి తీసుకుపోయారు. వాడు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పంతొమ్మిదో రోజు మనసు ఊరుకోక, చెప్పకుండా వెళ్లాను. గేటు పక్క గదిలో చెప్పుల కుప్ప ఉంది. నలభై యాభై జతలు, దుమ్ము పట్టి, జత ఒకచోట, విడి ఒకచోట. ఎవరూ పారిపోకుండా వచ్చిన రోజే చెప్పులు తీసేసుకుంటారట. ఆ కుప్పలో మావాడి నీలం హవాయి చెప్పులు గుర్తుపట్టాను. లోపల వాడు గుండు గీయించుకుని పెద్ద వంట గిన్నెలు తోముతున్నాడు. డాక్టరు ఎప్పుడు వస్తారని అడిగితే మేనేజరు జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకున్నాను. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

చట్టం ఏమంటుందో అప్పుడు తెలుసుకున్నాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అస్వస్థతలోకే వస్తాయి. కాబట్టి ఇలాంటివారిని చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. గొలుసులతో కట్టడం నిషేధం. బలవంతంగా గుండు గీయకూడదు, బలవంతంగా పని చేయించకూడదు, యూనిఫారం తొడుక్కోవాలని ఒత్తిడి చేయకూడదు. ఫోనులో మాట్లాడే హక్కు, చూడటానికి వచ్చినవారిని కలిసే హక్కు రోగికి ఉంది. తనంతట తాను చేరిన పెద్దవారు వెళ్లిపోతానంటే పంపాలి. వైద్యుడు పరీక్షించడానికి మహా అయితే 24 గంటలు ఆపవచ్చు. తన నిర్ణయం తాను తీసుకోలేనంత తీవ్రంగా ఉన్న మనిషిని ఇంటివారి అర్జీ మీద చేర్చుకునే వీలూ ఉంది. కానీ దానికి మానసిక వైద్యుడితో పాటు మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, మొదటి గడువు 30 రోజులే. రాత్రిపూట జీపులో నలుగురు రావడం ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, చేరబోయే మనిషిని తీసుకువెళ్లకుండా మీరొక్కరే పగటిపూట వెళ్లి చూసి రమ్మంటాను. నమోదు పత్రం చూపమనండి, గడువు తేదీ చదవండి. మానసిక వైద్యుడి పేరు, వారంలో ఏ రోజులు వస్తారో అడిగి, ఆ రోజే మరోసారి వెళ్లండి. రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు అని అడగండి. మంచి కేంద్రం వారు దీనికి తడుముకోకుండా ఆసుపత్రి పేరు చెబుతారు. వంటగది, మరుగుదొడ్డి చూడండి. పడక గది తలుపుకు గొళ్లెం ఏ వైపున ఉందో చూడండి. లోపల ఉన్న వారిలో ఒకరితో, సిబ్బంది పక్కన లేకుండా, రెండు నిమిషాలు మాట్లాడనివ్వమనండి. రుసుము కాగితం మీద రాయించుకోండి, మధ్యలో తీసుకువెళితే ఎంత తిరిగి ఇస్తారో కూడా. ‘నూటికి నూరు శాతం మాన్పిస్తాం’ అన్న చోటి నుంచి లేచి వచ్చేయండి. ఈ జబ్బులో ఆ మాట అనగల డాక్టరు లేడు.

ఇవన్నీ అడిగితే వాళ్లు కోప్పడతారేమోనని భయపడేవారు ఉంటారు. మంచి కేంద్రాలు కూడా నేను చూశాను. ఒకచోట నిర్వాహకురాలు నా ప్రశ్నలన్నీ విని, ‘ఇంకా అడగండమ్మా, అడిగే ఇళ్ల నుంచి వచ్చినవారే త్వరగా నిలబడతారు’ అంది.

ఆ అరపూట

ఏళ్ల తరబడి ‘నాకేం జబ్బు?’ అనే మనిషి ఎప్పుడో ఒక పూట ‘సరే, వస్తాను’ అంటాడు. పండుగ పూట కూతురి ముందు పడిపోయిన మర్నాడు కావచ్చు, స్నేహితుడి చావు చూసి వచ్చిన సాయంత్రం కావచ్చు. ఆ మెత్తదనం అరపూట ఉంటుంది, మహా అయితే ఒక రోజు. అప్పుడు మనం ఫోను పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి అని వెతకడం మొదలుపెడితే చీకటి పడుతుంది, వణుకు మొదలవుతుంది, ఆయన దుకాణానికి వెళ్లిపోతాడు. మొదటి రెండేళ్లలో మాకు మూడుసార్లు ఇలాగే చేజారింది.

అందుకే, ఆయన ఒప్పుకోకముందే మీరు ఒంటరిగా ఓపీకి వెళ్లండి. రోగి లేకుండా ఇంటివారు వచ్చి సలహా అడగడం మానసిక వైద్యులకు కొత్త కాదు. ఏ రోజు ఏ డాక్టరు, వార్డులో మంచం ఎలా దొరుకుతుంది, రాత్రి అయితే ఎక్కడికి రావాలి అన్నవి తెలుసుకుని రండి. బీరువాలో ఒక సంచి పెట్టండి: రెండు లుంగీలు, తువ్వాలు, ఆధార్ నకలు, పాత చీటీలు, దారి ఖర్చు. మా సంచి పదినెలలు బీరువాలోనే ఉంది. అవసరమైన పొద్దున పావుగంటలో ఇల్లు కదిలాం.

తాగి ఉన్నప్పుడు చికిత్స మాట ఎత్తవద్దు. పొద్దున, పిల్లలు బడికి వెళ్లాక, ఆయన గౌరవించే ఒక్క మనిషి చేత చెప్పించండి. పదిమంది చుట్టూ కూర్చుని పంచాయితీ పెడితే మొండితనం పెరుగుతుంది. ‘తాగుడు మానెయ్’ అనకండి, అది ఆయన వేయిసార్లు విన్నాడు. ‘నిద్ర పట్టడం లేదు కదా, చేతులు వణుకుతున్నాయి కదా, ఒక్కసారి డాక్టరుకు చూపిద్దాం’ అనండి. వణుకు సంగతి ఆయనకే ఎక్కువ తెలుసు.

మాల వేసుకోవాలని అనుకుంటున్నవారి ఇళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ సంకల్పం గొప్ప అవకాశం. మాలకు రెండు మూడు వారాల ముందే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. మత్తు దిగే మందులు అక్కడ పూర్తయ్యాక మాల వేయించండి. గురుస్వాములు ఎవరైనా ఇది చదివితే, కొత్త స్వామి మెడలో మాల వేసే ముందు ‘రోజూ తాగుతావా, ఆగితే వణుకు వస్తుందా’ అని ఒక్క మాట అడగండి. ఒక ప్రాణం నిలుస్తుంది.

సాంబారులో కలిపే బిళ్ల

తాగితే పడకుండా చేసే డైసల్ఫిరామ్ బిళ్లను ఆయనకు తెలియకుండా కూరలోనో సాంబారులోనో కలపమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊరిలో ఉంటారు. ‘రోగికి తెలియకుండా మాన్పిస్తాం’ అనే గోడ ప్రకటనల పొడులలో ఏముందో చెప్పే చీటీ కూడా ఉండదు. ఈ బిళ్ల ఒంట్లో ఉండగా తాగితే ముఖం కందగడ్డ అవుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు పట్టుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్న మనిషికి ప్రాణం మీదకు వస్తుంది. దీన్ని రోగి తెలిసి, ఒప్పుకుని, పరీక్షలు చేయించుకుని వేసుకోవాలి. ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. తాగాలన్న తపనను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు వేరే ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది కాలేయం, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి. పసరు మందు కోసం బస్సుల్లో వెళ్లేవారిని నేను నిందించను, మేమూ వెళ్లాం. కానీ పసరు తాగించి ఆ రోజు నుంచే సారా ఆపించేస్తారు. వణుకు, ఫిట్స్ సంగతి అక్కడ ఎవరూ చూడరు.

కుర్రవాళ్ల గంజాయి, నొప్పి బిళ్లలు, నిద్రబిళ్లలు, సూదుల సంగతికి వస్తే ఫోన్లూ అవే, ఆసుపత్రులూ అవే. నిద్రబిళ్లలను కూడా సారాలాగే ఒక్కసారిగా ఆపకూడదు. నల్లమందు జాతి మత్తులకు బ్యూప్రెనార్ఫిన్ వంటి మందుతో దీర్ఘకాలం నడిపే చికిత్స ఉంది. పోలీసు కేసు భయంతో తల్లిదండ్రులు దాచిపెడతారు. 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. సొంత వాడకం, కొద్ది పరిమాణం కేసులలో, బానిసైన మనిషి ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో తనంతట తాను చికిత్సకు వస్తే, అది పూర్తి చేసుకుంటే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. కేసు అప్పటికే ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును అడగండి. అబ్బాయికి పెళ్లి చేస్తే దారిలో పడతాడన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఆ పిల్ల జీవితం మందు బిళ్ల కాదు.

ఇంటికి వచ్చాక

వార్డు నుంచి వచ్చిన పది రోజులకు మనిషి తేటగా కనిపిస్తాడు. ఇంటివారు మందులు ఆపేస్తారు, ఓపీ తేదీ మరచిపోతారు. మేమూ అదే చేశాం. అసలు చికిత్స అప్పుడే మొదలవుతుంది. ఓపీ పుస్తకంలో రాసిన తేదీని గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టండి. జీతం రోజు, సంత రోజు, పెళ్లిళ్ల రోజులు కూడా చుట్టండి. తాగాలనిపించేది ఆ రోజులలోనే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల గురించి కూడా అడిగి తెలుసుకోండి. 1935లో అమెరికాలో మొదలైన ఈ సహవాసం మన నగరాలలో తెలుగులోనూ నడుస్తోంది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంటివారి కోసం అల్-అనాన్ అని వేరే సమావేశాలు ఉన్నాయి. తమ్ముడు మొదటిసారి వెళ్లి గంట సేపు నోరు విప్పలేదు. టీ గ్లాసు పట్టుకుని ఒక చివర కూర్చున్నాడు. తిరుగు బస్సులో ‘అక్కా, అక్కడ ఒకాయనకు కూడా చీమలు కనిపించాయట’ అన్నాడు. ఆరేడేళ్లలో తన జబ్బు గురించి తనంతట తాను అన్న మొదటి మాట అది.

తిరిగి తాగడం కూడా ఉంటుంది. అలాంటి రోజుకు కూడా ముందే మాట అనుకోండి, ఎవరికి ఫోను చేయాలి, వారు ఏమి అనకూడదు అని. మా ఒప్పందం ప్రకారం ఫోను నాకు చేయాలి, నేను ‘ఎందుకు’ అని అడగకూడదు. పోయిన మాఘమాసంలో బంధువుల పెళ్లి నుంచి రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది.

‘అక్కా, తాగాను.’

‘ఎంత?’

‘ఒక క్వార్టరు. రేపు మన డాక్టరు గారి ఓపీ ఉందా?’

క్యాలెండరు చూడనక్కర లేకపోయింది. ‘ఉంది, ఏడున్నర బస్సుకు వెళ్దాం’ అన్నాను. వాడు ఏడింటికే సెంటరులో నిలబడి ఉన్నాడు, చేతిలో ఓపీ పుస్తకంతో.